చంద్రగిరిలో ఒక పగలు

హెబ్బగోడిలో కాపురం పెట్టిన తెలుగువారిలో తిరుపతి వెళ్ళనివారు అరుదు. సంవత్సరానికి ఒకసారి తప్పనిసరి. మొక్కులున్నవారికి రెండు మూడుసార్లు. రాత్రి భోజనం ముగించి బస్సెక్కితే కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు అన్నీ నిద్రలోనే దాటిపోతాయి. తెల్లవారుజామున ఎవరో "చంద్రగిరి వచ్చింది" అంటారు. ఒకరిద్దరు మూటలతో దిగిపోతారు. మనం కళ్ళు నులుముకొని, ఇక తిరుపతి ఎంతో దూరం లేదు గదా అని చెప్పులు వెదుక్కొంటాము. కుడిప్రక్కనో ఎడమప్రక్కనో చీకటిలో ఒక కొండ, కొండను చుట్టిన ఒక గోడ కనిపించీ కనిపించనట్లు వెనుకకు పోతాయి. ఇరవై ఏండ్లుగా మేము ఆ గోడను అలాగే చూస్తూ వచ్చాము. ఎన్నడూ దిగలేదు.

దిగవలెనన్న బుద్ధి పుట్టించినది, చెప్పుకొంటే నవ్వుతారు, జర్మనీ దేశం. మన ప్రాంతంలో పనిచేసే మన పిల్లలను కంపెనీలవారు అప్పుడప్పుడు ఆ దేశం పంపుతుంటారు. అలా వెళ్ళి వచ్చిన ఒక అబ్బాయి గడచిన దీపావళి కలయికలో హైడెల్బర్గు పట్టణం చిత్రాలు తెరమీద చూపించాడు. నెక్కారు నది, దానిమీద రాతి వంతెన, వెనుక దట్టమైన అడవి కొండ, కొండ నడుమ ఎర్రరాతి కోట. పాలటినేటు ప్రభువుల రాజధాని అది. 1386లో స్థాపించిన విశ్వవిద్యాలయం నేటికీ అక్కడ నడుస్తున్నది. ఫ్రెంచి సేనలు 1689లోను, మరల 1693లోను వచ్చి కోటను కూలగొట్టాయి. 1720లో ప్రభువు కొలువును మన్‌హైముకు మార్చుకొన్నాడు. 1764లో పిడుగు పడి మిగిలినదీ కాలినది. ఆ తరువాత ఊరివారే ఇండ్లు కట్టుకొనేందుకు కోట రాళ్ళు మోసుకొని పోసాగారు. అటువంటి సమయంలో, 1810లో, షార్ల్ ద గ్రాంబెర్గ్ అనే ఫ్రెంచి ప్రభువు ఆ ఊరికి వచ్చాడు. తన జాతివారు కూల్చిన కోటకు తాను కావలి కాచాడు. రాళ్ళు ఎత్తుకొని పోనీయక, ఆ శిథిలాల చిత్రాలు గీసి ప్రచారం చేసి, తుదకు 1864లో ఆ ఊరిలోనే కన్ను మూశాడు. నేడు లోకమంతా ఆ మొండిగోడలు చూడటానికి అక్కడికి పోతున్నది.

అందరూ చప్పట్లు కొట్టారు. మన సంఘంలో కడప జిల్లా నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. అందరూ ఆయనను అయ్యవారనే పిలుస్తారు. ఆయన వెనుక వరుసలోనుండి, "చాలా బాగుంది నాయనా. నది, అడవి కొండ, కూలిన కోట, కొలువు మార్చుకొన్న రాజు. మరి చంద్రగిరి చూసినావా?" అని అడిగారు. అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. తక్కినవారము నేల చూపులు చూచాము. చేతులెత్తమంటే, నిండు సభలో చంద్రగిరి చూచినవారు ముగ్గురు లేచారు. అందులో ఒకరు చిత్తూరు జిల్లా అల్లుడు గనుక లెక్కలోకి రారు.

ఆ సిగ్గుతోనే మార్గశిరంలో ఒక శనివారం రాత్రి రెండు బస్సులలో బయలుదేరాము. శుక్రవారం నాడు కోటలోని ప్రదర్శనశాల మూసి ఉంటుందని, ఆ వారం పెట్టుకోవద్దని ముందే కనుక్కొన్నాము. వెళ్ళగోరేవారు దీనిని గుర్తుంచుకొనవలెను.

తెల్లవారేటప్పటికి చంద్రగిరిలో దిగాము. ఉత్తరాన శేషాచలం కొండలు, పొగమంచులో ముందు బూడిదరంగుగా, తరువాత నీలంగా, ఎండ వచ్చిన కొలది ఆకుపచ్చగా తేలాయి. లోకంలో మరెక్కడా దట్టంగా పెరుగని ఎర్రచందనం ఈ కొండలలో పెరుగుతుంది. ఈ అడవిలో కొంతభాగాన్ని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనంగా ప్రకటించారు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతాలలో చేర్చారు. ఊరికి దక్షిణంగా స్వర్ణముఖి. ఊరు చిన్నదే. ఒకనాడు దీనిని రాజధాని అన్నారంటే, కాఫీ హోటలు ముందు నిలబడినవానికి నమ్మబుద్ధి కాదు.

కోటలో కాలు పెట్టిన తరువాత నమ్మకం కుదురుతుంది. సుమారు 180 మీటర్ల ఎత్తు గల ఒకే బండకొండ. దాని దక్షిణపు పాదం చుట్టూ పెనురాళ్ళ ప్రాకారం, దాని వెలుపల అగడ్త. క్రీ.శ. 1000 ప్రాంతాన ఇమ్మడి నరసింహ యాదవరాయలు ఈ దుర్గాన్ని కట్టించాడని ప్రతీతి. లోపల శైవ వైష్ణవ ఆలయాలు ఎనిమిది దాకా శిథిలమై ఉన్నవి. నిలిచినవి రెండు మేడలు. పెద్దది రాజమహలు, మూడంతస్తులు. ముందు వరుసలుగా తురకపద్ధతి కమానులు, పైన మన గోపురాలను తలపించే శిఖరాలు. రెండు పద్ధతులూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి, ఎక్కడ ఒకటి ముగిసి రెండవది మొదలైనదో చెప్పలేము. రాతి, ఇటుక, సున్నం తప్ప పైకప్పులో ఎక్కడా కొయ్య వాడలేదు. ఎర్రచందనపు అడవి చేతికి అందేంత దూరంలో ఉండగా ఒక్క దూలమైనా పెట్టలేదేమని మాలో ఒక సివిలు ఇంజనీరు గంటసేపు కప్పు క్రింద మెడ వెనుకకు వాల్చి నిలబడ్డారు. కమానుల మీద కమానులు ఆనించి బరువంతా గోడలకు దింపిన తీరు చూచి, "ఈ మేస్త్రీ నాకు దొరికితే" అని మాత్రం అన్నారు.

రెండవది రాణిమహలు, రెండంతస్తులు. పేరు రాణులదే కాని అక్కడ కాపురమున్నది సేనాని అని చెప్పేవారున్నారు; క్రింది భాగం చూస్తే గుర్రపుశాల అనిపించకపోదు. రాజమహలులో భారత పురావస్తు శాఖవారు ప్రదర్శనశాల నడుపుతున్నారు. గండికోట, యాగంటి, గుడిమల్లం ప్రాంతాల నుండి తెచ్చిన శిల్పాలు అందులో ఉన్నవి. పిల్లలు కత్తుల దగ్గర నుండి కదలలేదు.

చెట్టునీడన చాపలు పరచి కూర్చున్నాము. కోస్తావారు తెచ్చిన పులిహోర, సీమవారు తెచ్చిన చిత్రాన్నం కలిసిపోయిన తరువాత అయ్యవారు కథ మొదలుపెట్టారు. ఆయన చెప్పినదానికి మేము తరువాత చదివి తెలుసుకొన్నది కొంత కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

చంద్రగిరి మొదట రాజధాని కాదు, రాజులను తయారుచేసిన ఊరు. సాళువ నరసింహుడు ఈ దుర్గాన్ని ఏలుతూ, విజయనగరంలో సంగమ వంశం చితికిపోయినప్పుడు 1485లో వెళ్ళి సింహాసనం ఎక్కాడు. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమిని భారతాన్ని అంకితం చేసినది ఈయనకే. కృష్ణదేవరాయలు పట్టానికి రాకమునుపు ఇక్కడ ఉండేవాడని ఊరివారు చెప్పుకొంటారు. ఆయన తమ్ముడు అచ్యుతరాయలను ఈ దుర్గంలోనే కట్టడిలో ఉంచారు. 1529లో రాయలు కాలం చేయగా ఇక్కడినుండే తీసుకొని పోయి పట్టం గట్టారు.

ఇక్కడ అయ్యవారు ఆగి, పిల్లలను బెంగళూరు ఎవరు కట్టించారని అడిగారు. బడిలో కన్నడం చదివే పిల్లలు గనుక "కెంపేగౌడ" అని ఒక్కసారిగా అరిచారు. "ఎప్పుడు?" "1537." "అప్పుడు విజయనగరంలో రాజెవరు?" ఎవరూ పలుకలేదు. అచ్యుతరాయలే. యలహంక ప్రభువైన కెంపేగౌడ ఆయన సామంతుడు. ఈ కోటలో ఒకనాడు కట్టడిలో ఉన్న మనిషి ఏలుబడిలో మన బెంగళూరు కోటకు పునాది పడినదన్నమాట. మేము ఈ రెండు ఊళ్ళనూ ఎన్నడూ ఒక మాటలో కలిపి అనుకొన్నవారము కాము.

తరువాతి కథ అందరికీ కొంత తెలిసినదే. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం. అళియ రామరాయలు హతుడైనాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ధనం ఏనుగులమీద వేసుకొని పెనుకొండ చేరాడు. హంపి పాడుపడినది. మన పాఠ్యపుస్తకాలు చాలవరకు ఇక్కడితో విజయనగర చరిత్రను ముగించి, పేజీ త్రిప్పుతాయి. ఇది అన్యాయమని మా అభిప్రాయం. ఇల్లు తగలబడినంత మాత్రాన సంసారం ఆగదు. ఆరవీటివారు ఆ తరువాత ఎనుబది ఏండ్లు రాజ్యమని పేరు గలదానిని నడిపారు. పెనుకొండమీద గోల్కొండ దాడులు హెచ్చగా, రెండవ వేంకటపతిరాయలు 1592 ప్రాంతంలో కొలువును చంద్రగిరికి మార్చాడు. ఆ ముందటి సంవత్సరమే, 1591లో, గోల్కొండ సుల్తాను హైదరాబాదు నగరాన్ని మొదలుపెట్టాడు. ఒక తెలుగు రాజధాని పుడుతున్నది, ఒకటి మూటాముల్లె సర్దుకొంటున్నది.

వేంకటపతి 1586 నుండి 1614 వరకు ఏలాడు. పెద్ద రాజులలో ఆయన చివరివాడు. పోయిన జిల్లాలు కొన్ని తిరిగి సాధించాడు, తిరగబడిన నాయకులను అణచాడు. 1598లో జెసూటు పాదిరీలు చంద్రగిరి వస్తే ఆదరించి ఉండనిచ్చాడు. ఐరోపా చిత్రకారులు కొందరు ఆయన కొలువు చూచి బొమ్మలు వ్రాసి యిచ్చారు. డచ్చివారికి పులికాటులో 1610లో వర్తకశాల పెట్టుకోనిచ్చాడు. తిరుమల ఆలయ ప్రాంగణంలో కృష్ణరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలిచిన విగ్రహాలు మనమందరము చూచినవే. వాటితోపాటు ఉన్న రాగి విగ్రహం ఈ వేంకటపతిరాయలది. క్యూలో వెనుకవారు త్రోస్తుండగా ఆయన ఎవరని అడిగే తీరిక మనకు ఏనాడు దొరికినది గనుక! శ్రీనివాసమంగాపురం మీదుగా కొండకు పోయే శ్రీవారి మెట్టు త్రోవ చంద్రగిరి రాజులు ఎక్కిన త్రోవ. నేడు ఆ మెట్లెక్కే భక్తులలో ఎందరు ఒకసారి వెనుదిరిగి ఈ కోటవైపు చూస్తారో తెలియదు.

ఆయనకు సంతానం లేదు. 1614లో కన్నుమూసే ముందు అన్నకొడుకు శ్రీరంగరాయలకు రాజముద్రిక ఇచ్చాడు. జగ్గరాయడనే ప్రభువు దీనికి ఒప్పుకొనక, వేలూరులో శ్రీరంగని, భార్యాబిడ్డలతో సహా చంపించాడు. ఒక్క బాలుడు, రామదేవుడు, బ్రతికాడు. వెలుగోటి యాచమనాయకుడు ఆ పిల్లవానిని చాకలి బట్టలమూటలో పెట్టించి కోట దాటించాడని ఆనాటి పాదిరీల లేఖలలో ఉన్నది. యాచమనాయకుడు ఆ బిడ్డ పక్షాన పట్టుపట్టి, తంజావూరు రఘునాథనాయకుని తోడు చేసుకొని, తోపూరు యుద్ధంలో జగ్గరాయని కూల్చాడు. ఈ యుద్ధం కావేరి ఒడ్డున జరిగినది. తెలుగు సింహాసనం కోసం తెలుగువారూ తమిళ సీమలోని నాయకులూ పోరాడి, అన్నం పెట్టే కావేరి ఆనకట్టను తెంచివేశారు. రాజ్యం దక్కినది గాని బలం దక్కలేదు.

రాజ్యంలో బలం లేనప్పుడు వచ్చినదే చెన్నపట్నం వ్యవహారం. మాలో అసలు వాదం పుట్టినదీ ఇక్కడే.

ఇంగ్లీషువారు 1611 నుండి మచిలీపట్నంలో, 1626 నుండి నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో వర్తకం చేస్తూ, రెండుచోట్లా సుఖం లేక మంచి రేవు కోసం వెదుకుతున్నారు. శాంథోముకు ఉత్తరాన ఒక ఇసుకపర్రలో బట్ట నాణ్యంగాను, నూటికి ఇరవైపాళ్ళు చౌకగాను దొరుకుతుందని ఫ్రాన్సిస్ డే కనుగొన్నాడు. ఆ సీమ వందవాసి నాయకుడైన దామెర్ల వెంకటాద్రి చేతిలో ఉన్నది. ఆయన 1639లో పట్టా వ్రాసి ఇచ్చాడు. కోట కట్టుకొన్న తరువాత రెండేండ్లు ఊరి పెత్తనం పూర్తిగా ఇంగ్లీషువారిది. ఆ మీదట రేవు సుంకంలో చెరిసగం. వెంకటాద్రి తండ్రి చెన్నప్పనాయకుని పేరనే అది చెన్నపట్నమైనది. ఆ సంవత్సరం ఆగస్టు 22ను చెన్నై నగరవాసులు నేటికీ పుట్టినరోజుగా జరుపుకొంటున్నారు. అప్పుడు రాయలు పెదవేంకటపతి. తరువాత 1645లో మూడవ శ్రీరంగరాయలు తన పేర మరల పట్టా ఇచ్చాడు.

చంద్రగిరి వచ్చిన ప్రతివానికీ, ఈ రాజమహలులోనే ఆ పట్టామీద సంతకం పడినదని చెబుతారు. బంగారు రేకు మీద చెక్కి ఇచ్చారని, 1746లో ఫ్రెంచివారు మద్రాసు కోట పట్టుకొన్నప్పుడు అది పోయినదని కూడ అంటారు. మొదటి పట్టా నాయకునిదే గనుక, దానిని రాజమహలుకు తెచ్చి ముడిపెట్టడం తొందరపాటని అయ్యవారి మతం. అయితే నాయకుడు ఎవరి సామంతుడై ఇచ్చాడో ఆ సింహాసనం ఇక్కడిదన్న మాటలో తప్పులేదు.

మా గుంపులో ఎనుబదికి దగ్గరపడిన ఒక పెద్దమ్మగారు ఉన్నారు. పూర్వులది నెల్లూరు, ఆమె పుట్టినది మద్రాసు. అంతవరకు మెట్టుమీద కూర్చొని తమలపాకులు తుడుస్తూ వింటున్నవారు ఇక్కడ అందుకొన్నారు.

"ఇచ్చినోడు మతి ఉండే ఇచ్చినాడా అయ్యవారూ? మా నాయన సర్కారు గుమాస్తా. నాకు ఏడో ఏడు నడుస్తుండగా సామాను కట్టి మమ్మల్ని కర్నూలు తోలుకొచ్చినారు. డేరాలు, దుమ్ము. మూడేళ్ళకు మళ్ళీ సామాను కట్టినాము, హైదరాబాదు. ఇప్పుడు కొడుకు వెంట హెబ్బగోడి. ఎన్నిసార్లు కట్టేదీ సామాను?"

ఎవరమూ బదులు చెప్పలేకపోయాము. పిన్నల కోసం ఆమె మాట కొంత విప్పవలసి ఉన్నది. ఆంధ్ర రాష్ట్రం కోరినవారు చెన్నపట్నం కూడ మనదేనని కోరారు. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి గార్ల సంఘం, మద్రాసుపై హక్కు వదులుకొంటే రాష్ట్రం ఇవ్వవచ్చునని తేల్చినది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులోనే నిరశన పూని, డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చినది; మద్రాసు రాలేదు. కర్నూలులో కచేరీలు కొన్ని డేరాలలో నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారినది. హంపి, పెనుకొండ, చంద్రగిరి, వేలూరు అని అంతకుముందే అయ్యవారు పిల్లలచేత వల్లె వేయించారు. పెద్దమ్మగారి మాట విన్న తరువాత ఒక బాలిక తనంత తానే వ్రేళ్ళు మడుస్తూ మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, హెబ్బగోడి అని లెక్కపెట్టడం మేము చూచాము.

అయ్యవారు కొంతసేపటికి మెల్లగా అన్నారు: "మతి లేక ఇచ్చినాడని నేననుకోనమ్మా. ఆయన ఎందుకిచ్చినాడో ఆ ఇంగ్లీషువాళ్ళే తమ దొరలకు వ్రాసుకొన్నారు." ఆ కారణాలు చదువుతుంటే నవ్వు, జాలి రెండూ వస్తాయి. తన సీమ వర్తకంతో కళకళలాడాలని మొదటి కోరిక. డబ్బిస్తే పారశీక దేశపు మంచి గుర్రాలు తెచ్చిపెట్టాలని రెండవది. ఏటేటా వారి ఓడమీద ఒక సేవకుని బంగాళాఖాతం ఆవలికి పంపి డేగలు, కోతులు, చిలుకలు కొని తెప్పించుకోవాలని మరొకటి. చివరిది ముఖ్యమైనది: కోట గట్టిగా కట్టితే, ఇరుగుపొరుగువారు మీదికి వచ్చిన నాడు తనకు తలదాచుకొనే చోటవుతుందని. పాలకుడే అద్దెకు వచ్చినవాని ఇంట తలదాచుకొనే ఆలోచన చేసుకొన్నాడంటే ఆనాటి దేశస్థితి ఎలా ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. ఒకవైపు పులికాటు డచ్చివారిది, ఒకవైపు శాంథోము పోర్చుగీసువారిది, ఉత్తరాన గోల్కొండ, పడమట బిజాపూరు. 1638లో రాయల అన్నకొడుకే బిజాపూరువారిని వెంటబెట్టుకొని ఆయనమీదికి వచ్చాడు. అటువంటి రోజులలో, పైరులేని మూడుమైళ్ళ ఇసుక ఇచ్చి సగం సుంకం, గుర్రాలు, ఒక కోట సంపాదించడం ఆ నాయకునికి మంచి బేరంగానే తోచి ఉంటుంది. మాకూ, ఆ స్థానంలో ఉంటే, అలాగే తోచేదేమో. చిలుకల సంగతి మాత్రం వేరు.

పెదవేంకటపతి చివరిరోజులు తలచుకొంటే ఆ ఎదుటి కొండలు మరొక విధంగా కనిపిస్తాయి. 1642లో గోల్కొండ దండు వచ్చిపడగా, తనవారే విడిచిపోగా, ఆయన చిత్తూరు అడవులలోనికి పోయి ఆ అక్టోబరులో అక్కడే మరణించాడు. తిరగబడిన ఆ అన్నకొడుకే మూడవ శ్రీరంగరాయలైనాడు. 1646లో చంద్రగిరి గోల్కొండ వశమైనది. మరి నూరేండ్లకు ఆర్కాటు నవాబుది. 1758లో నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబుఖాను ఈ కోటలో ఉండి, ఆ బలంతో తిరుపతికి తానే రక్షకుడనన్నాడు. 1782లో హైదరాలీ పట్టుకొన్నాడు. 1792 శ్రీరంగపట్నం సంధి వరకు మైసూరు వారిది. అటుపిమ్మట దీనిని పట్టుకొనవలసిన అవసరం ఎవరికీ లేకపోయినది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిలు నుండి తిరుపతి జిల్లాలోనికి వచ్చినది.

మనవారి సంగతి ఒకటి చెప్పడం మరచాము. ఆ ఇసుకపర్రమీద ఊరు వెలసిన కొలదీ అక్కడికి చేరినవారిలో ఎక్కువమంది మనవారే. నేతగాళ్ళు, అద్దకపువారు, చాకళ్ళు, దుబాసీలు, వర్తకులు. ఇంగ్లీషువారు తెలుగువారిని జెంటూలనేవారు. కోటవెలుపలి నల్లవారి బస్తీలో జెంటూ మాటే ఎక్కువగా వినిపించేది. వారిని ఎవరూ కట్టి తోలుకొని పోలేదు. పని ఉన్నదని విని పోయారు. మన హెబ్బగోడి సంగతి ఏమిటి? 1978లో కియోనిక్సు సంస్థ ప్రక్కనున్న కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాలలో 332 ఎకరాలు తీసుకొని ఎలక్ట్రానిక్ సిటీ నిర్మించేనాటికి ఇటువైపు రాగిచేలు, ద్రాక్షతోటలు. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలు, తరువాత సాఫ్టువేరు కంపెనీలు, వెనుకనే మనము. 2025 ఆగస్టులో మెట్రో రైలు కూడ హెబ్బగోడి మీదుగా బొమ్మసంద్ర దాకా వచ్చినది. ఆనేకల్లు, హోసూరు ప్రాంతాలలో తరతరాలుగా ఇంట తెలుగు మాటలాడేవారు మనకంటె ఎంతో ముందు నుండి ఉన్నారన్న మాటా నిజమే; వారిని మనం వలసవారనుకోవడం, వారు మనలను చూచి నవ్వుకోవడం నిత్యం జరుగుతున్నది.

మధ్యాహ్నం దాటిన తరువాత పిల్లలు కోనేటి గట్టున కూర్చొని రాజమహలు బొమ్మ గీశారు. గ్రాంబెర్గ్ దొర కథ చెప్పి, ఆయనవలె గీయమని హైడెల్బర్గు అబ్బాయే పురమాయించాడు. అన్నిటికంటె మెరుగని మాకు తోచిన చిత్రాన్ని ఈ సంచికలోనే వేరొకచోట అచ్చువేస్తున్నాము. గోపురం కొంచెం ప్రక్కకు ఒరిగినది గాని, కమానుల లెక్క సరిగానే ఉన్నది, మేము సరిచూచాము. కొండమీది కోట దాకా ఎక్కుతామన్న యువకులను, వేళ మించినదని బస్సు డ్రైవర్లు ఎక్కనీయలేదు. అది ఒక కొరత.

రానున్నది పరాభవ నామ సంవత్సరం. ఆ పేరు విని కొందరు ముఖం చిట్లించారు. ఓడిన రాజుల కథ అచ్చువేయడానికి ఇంతకంటె తగిన ఏడు దొరకదని మేము సమాధానం చెప్పుకొన్నాము.

తిరుగు ప్రయాణంలో వచ్చే ఏటి యాత్ర గురించి చర్చ వచ్చినది. పెనుకొండ అని అయ్యవారు, గండికోట అని యువకులు. పలమనేరు దాటేవరకు తేలలేదు. అందరూ నిద్రపోయారనుకొన్న సమయాన పెద్దమ్మగారు వెనుకసీటులోనుండి, "మద్రాసు కోట చూపించండి. ఆ పట్టా పోయిన చోటు కూడా చూడాలి గదా" అన్నారు. ఎవరూ కాదనలేదు. రాదలచినవారు శ్రావణమాసంలోగా కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వగలరు. ఈసారి బస్సులు మూడు కావలసి వచ్చేటట్లున్నది.